లారాపింటా దారిలో గైడుతో ఆరు రోజుల నడక: నాన్నగారిని తీసుకువెళ్లవచ్చా?

నడకసిరి
2 మార్చి, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మేము సిడ్నీలో ఉంటాం. జులైలో నాన్నగారు అనంతపురం నుంచి వస్తున్నారు. ఆయనకు 63 ఏళ్లు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. రోజూ తెల్లవారుజామున ఏడెనిమిది కిలోమీటర్లు నడుస్తారు, మోకాళ్ల నొప్పులు లేవు. షుగర్ ఉంది, రాత్రిపూట ఇన్సులిన్ తీసుకుంటారు. ఈసారి ఆయనకు నాలుగు బీచ్‌లు, ఒపేరా హౌస్ చూపించి పంపించడం నాకు ఇష్టం లేదు. ఈ దేశం నడిమధ్యలోని ఎర్రనేలను చూపించాలని ఉంది.

ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి పడమటి వైపు సాగే లారాపింటా దారిలో గైడుతో ఆరు రోజుల నడక ఉందని తెలిసింది. సామాను వాహనంలో వస్తుందట, పగటికి కావలసిన సంచి మాత్రం మనం మోసుకోవాలి, రాత్రి టెంట్లలో పడక. ఆ వయసులో చేయగలరా? శుద్ధ శాకాహారి, ఆరు రోజులు ఏం తింటారు? చలి ఎలా ఉంటుంది? ఖర్చు తక్కువేమీ కాదు కాబట్టి, గైడు లేకుండా మేమిద్దరమే వెళ్లవచ్చా? వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి.

ఎర్రదారి
2 మార్చి, రాత్రి 10:41

అమ్మా, నిస్సందేహంగా తీసుకువెళ్లండి. నేను అడిలైడ్‌లో ఉంటాను. ఆ కొండల్లో గైడుతోనూ నడిచాను, సొంతంగానూ నడిచాను.

మొత్తం దారి 223 కిలోమీటర్లు, 12 భాగాలు. ఆలిస్ స్ప్రింగ్స్ పాత టెలిగ్రాఫ్ స్టేషన్ దగ్గర మొదలై, వెస్ట్ మెక్‌డొనెల్ పర్వతాల వెన్ను మీదుగా, 1,380 మీటర్ల సోండర్ శిఖరం మీద ముగుస్తుంది. 2002లో పూర్తిస్థాయిలో తెరిచారు. ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలంటే దాదాపు రెండు వారాలు. ఆరు రోజుల నడకల్లో మంచి భాగాలను ఏరి నడిపిస్తారు, మధ్యలో వాహనంలో తీసుకువెళ్తారు. మీ నాన్నగారికి అదే తగినది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. కిలోమీటర్ల లెక్క చూసి ఇంతేనా అనుకోవద్దు. ఊళ్లో పది కిలోమీటర్లు రెండు గంటల్లో నడిచే మనిషికి అక్కడి శిఖరాల మీద అదే దూరం ఐదు గంటలు పట్టవచ్చు. కాలికింద క్వార్ట్జైట్ అనే గట్టి, పదునైన రాళ్లు, అడుగుకొకటి కదులుతుంది. చూపు నేల మీదే ఉంచి నడవాలి. కొండలు చూడాలనిపిస్తే ఆగి చూడాలి. మొదటిరోజే అందరికీ ఈ అలవాటు నేర్పుతారు.

చలి గురించి: జులైలో పగలు ఇరవై డిగ్రీల దగ్గర, నడవడానికి ఎంతో హాయి. రాత్రి సగటున నాలుగు డిగ్రీలు, కొన్ని రాత్రులు సున్నా కిందికి దిగుతుంది. తెల్లవారేసరికి టెంటు మీద మంచు పేరుకుని ఉంటుంది. అనంతపురం మనిషికి ఎండ కొత్త కాదు, ఆ చలి మాత్రం కొత్తే. వెచ్చని పడక సంచి విషయంలో వెనకాడవద్దు.

ఒంటరి బాటసారి
3 మార్చి, ఉదయం 7:05

ఎర్రదారి గారితో సగమే ఏకీభవిస్తాను. అంత డబ్బు పోసి గైడు ఎందుకు? దారి పొడవునా నీలిరంగు త్రిభుజాల గుర్తులు ఉన్నాయి, తప్పిపోవడం కష్టం. భాగాలు మొదలయ్యే చోట నీళ్ల ట్యాంకులు ఉన్నాయి. ఎల్లరీ క్రీక్, సెర్పెంటైన్ గార్జ్, ఆర్మిస్టన్ గార్జ్ (గార్జ్ అంటే కొండల నడుమ ఇరుకు లోయ) దగ్గర ముందుగా ఆహారం దాచుకోవడానికి తాళం వేసే గదులున్నాయి. పార్కు రుసుము కట్టి, క్యాంపు చోట్లు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే చాలు. నేను అలాగే నడిచాను. ఎవరి వేగానికీ కట్టుబడకుండా, ఎక్కడ మనసైతే అక్కడ కూర్చుని, రోజంతా మరో మనిషి గొంతు వినకుండా నడవడంలో ఉన్న సుఖాన్ని డబ్బిచ్చి పోగొట్టుకోవడం నాకు అర్థం కాదు.

ఎర్రదారి
3 మార్చి, ఉదయం 8:30

బాటసారి గారూ, మీ మాట మీబోటి అనుభవం ఉన్నవారికి నిజం. ఇక్కడ అడుగుతున్నది 63 ఏళ్ల, ఇన్సులిన్ తీసుకునే తండ్రి గురించి. ఆరో భాగం, హ్యూ గార్జ్ నుంచి ఎల్లరీ క్రీక్ వరకు, 31 కిలోమీటర్లు. తొమ్మిదోది 29 కిలోమీటర్లు, శిఖరం మీదుగా, దారిలో చుక్క నీరు ఉండదు. అలాంటి చోట రాత్రి ఆగాలంటే రెండు రోజుల నీళ్లు వీపు మీద మోయాలి. టెంటు, పడక, వంట సామాను దానికి అదనం. దారిలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. గైడుల దగ్గర శాటిలైట్ ఫోను, ప్రథమ చికిత్స పెట్టె, ఎక్కడ దారికి వాహనం చేరగలదో తెలిసిన అనుభవం ఉంటాయి. ఆ అమ్మాయి తండ్రి ఆరోగ్యానికీ, దారికీ, వంటకూ ఒక్కతే కాపలా కాస్తూ ఆరు రోజులు గడిపితే ఇక నాన్నగారితో మాట్లాడేది ఎప్పుడు?

గైడు వల్ల కలిగే అసలు లాభం మరొకటి ఉంది. తీరిగ్గా రాస్తాను.

తెల్లకోటు
3 మార్చి, మధ్యాహ్నం 1:12

నడకసిరి గారూ, నేను బ్రిస్బేన్‌లో జనరల్ ప్రాక్టీసు చేస్తాను. ఇక్కడ రాసేది సాధారణ సలహా, నాన్నగారి డాక్టరును అడగకుండా ఏదీ మార్చవద్దు.

ఇన్సులిన్ ఎండలో పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతుంది, ఒకసారి గడ్డకట్టినది కరిగినా వాడకూడదు. సున్నా కిందికి దిగే రాత్రి దాన్ని టెంటులో బయట పెట్టకండి. పలుచని సంచిలో వేసి, పడక సంచిలో ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. గ్లూకోజ్ చూసుకునే మీటరు కూడా మరీ చలిలో సరిగా పనిచేయదు, దాన్నీ వెచ్చగా ఉంచండి. ఒకే చోట అన్నీ పెట్టకుండా, కొంత మందు మీ సంచిలో, కొంత ఆయన సంచిలో ఉంచండి.

రోజుకు ఆరేడు గంటలు నడిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. ఆ ప్రభావం రాత్రి నిద్రలో కూడా ఉంటుంది. మోతాదు ఎలా సర్దుకోవాలో బయలుదేరే ముందే డాక్టరుతో రాయించుకోండి. గ్లూకోజ్ బిళ్లలు చేతికి అందే జేబులో ఉండాలి, సంచి అడుగున ఉంటే లాభం లేదు. రోజూ సాయంత్రం పాదాలు మీరే స్వయంగా చూడండి. షుగర్ ఉన్నవారికి బొబ్బ పుట్టినా నొప్పి తెలియకపోవచ్చు.

బుకింగ్ సమయంలో ఈ వివరాలేవీ దాచవద్దు. ఇండియా నుంచి పర్యాటక వీసా మీద వచ్చినవారికి ఇక్కడి ప్రభుత్వ వైద్య సదుపాయం వర్తించదు కాబట్టి, ముందునుంచి ఉన్న షుగర్‌కు, మారుమూల నుంచి ఆసుపత్రికి తరలింపుకు కూడా వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి. ఆ ప్రాంతంలో అత్యవసర తరలింపుకు విమానాల్లో వచ్చే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసుకు ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1939 నుంచి స్థావరం ఉంది. భయపెట్టడానికి రాయడం లేదు. నా రోగుల్లో ఆయన కన్నా పెద్దవాళ్లు చక్కగా నడిచి వచ్చారు.

వంటింటిగడప
3 మార్చి, సాయంత్రం 6:48

భోజనం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మా అత్తగారూ నేనూ కలిసి ఇలాంటి నడకకే వెళ్లాం, ఆవిడ ఉల్లిపాయ కూడా తినరు. బుకింగ్ ఫారంలో శాకాహారం అని టిక్కు పెట్టి ఊరుకోవద్దు, ఎందుకంటే ఇక్కడ కొందరి లెక్కలో చేప, గుడ్డు శాకాహారంలోకి వస్తాయి. మాంసం, చేప, గుడ్డు ఏవీ వద్దని, మాంసం వేయించిన పెనం కూడా విడిగా ఉండాలని ఒక్కో ముక్క విడదీసి రాయండి. మాకు గైడులు విడిగా పప్పులతో, కూరగాయలతో వండిపెట్టారు. నిప్పుల మీద మందపాటి ఇనుపపాత్రలో కాల్చే డాంపర్ రొట్టె మాత్రం ఆవిడకు తెగ నచ్చింది. గైడు పక్కన కూర్చుని పిండి కలపడం దగ్గర నుంచి మూత మీద నిప్పులు పేర్చడం దాకా నేర్చుకున్నారు.

కందిపొడి, కరివేపాకు పొడి, చింతకాయ పచ్చడి చిన్న డబ్బాల్లో తెచ్చుకోమనండి. విమానాశ్రయంలో ఆహారం ఉందని ఫారంలో తప్పకుండా రాయాలి. రాస్తే చూసి, అనుమతించేవి పంపిస్తారు, రాయకపోతే జరిమానా. కంపెనీ ప్యాకింగుతో సీలు వేసినవైతే ఇబ్బంది తక్కువ.

పెన్నతీరం
4 మార్చి, రాత్రి 8:15

కడప నుంచి రాస్తున్నాను. భూగర్భశాస్త్రం చెబుతాను. లారాపింటా చూడాలన్న కోరికతో పోయిన ఏడాది వెళ్లి వచ్చాను.

మీ నాన్నగారు గండికోట చూసే ఉంటారు. పెన్న నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన ఆ లోయ గోడలు క్వార్ట్జైట్. లారాపింటాలో మీరు నడిచే శిఖరాలూ ఎక్కువగా క్వార్ట్జైటే, హెవిట్రీ పొరలంటారు. దాదాపు 80 కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రపు అంచున పరుచుకున్న ఇసుక అది. నమ్మకం కలగకపోతే దారిలో పలకలుగా విరిగిన రాళ్లను వంగి చూడండి. కొన్నింటి మీద అలలు తీర్చిన సన్నని గీతలు వరసగా, వేలితో తడిమితే తెలిసేంత స్పష్టంగా ఉంటాయి. సముద్రం జాడే లేని ఎడారి నడుమ, కొండ మీద, నీటి అలల అచ్చు. నేను ఒక పలక ముందు ఎంతసేపు కూర్చున్నానో గైడు వచ్చి పిలిచేదాకా తెలియలేదు.

తరువాత 45 కోట్ల నుంచి 30 కోట్ల ఏళ్ల మధ్య భూమి నొక్కుకుపోయి ఈ పొరలు పైకి లేచాయి. అప్పటి పర్వతాలు ఇప్పటికన్నా ఎన్నో రెట్లు ఎత్తు, అరిగి అరిగి ఇంత మిగిలాయి. ఫింకే నది మాత్రం కొండలను చుట్టి పోకుండా నడిమధ్యగా కోసుకుని పోతుంది. ప్రపంచంలోని అతి పురాతన నదుల్లో దాన్ని ఒకటిగా చెబుతారు. ఆ ప్రాంతపు ఆదివాసులైన అరెర్న్టే ప్రజలు ఆ నదిని పిలిచే పేరే లారాపింటా, నడకదారికీ అదే పెట్టారు. చాలా కాలం ఆ నది ఎండిన ఇసుకే. వరద వచ్చినప్పుడు పారి, చివరికి సింప్సన్ ఎడారిలో ఇంకిపోతుంది.

ఎడారి అంటే ఇసుక దిబ్బలే అనుకుని వెళ్లేవారికి ఇంకో విశేషం. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడాదికి సగటున సుమారు 280 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కరువుసీమ అనే మన అనంతపురంలో 550 వరకు పడుతుంది. అందులో సగం వానతో అక్కడ ఎన్ని చెట్లు ఎలా బతుకుతున్నాయో చూస్తే మీ నాన్నగారు తప్పకుండా ముచ్చటపడతారు.

నడకసిరి
5 మార్చి, రాత్రి 9:02

ఇంత శ్రద్ధగా రాస్తున్నందుకు అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. గండికోట మాట వినగానే ఆయన నిర్ణయం అయిపోయింది. అలిపిరి మెట్లు రెండు మూడుసార్లు ఎక్కి సాధన చేస్తానంటున్నారు. అది సరిపోతుందా?

ఒంటరి బాటసారి
5 మార్చి, రాత్రి 10:10

అలిపిరి 3,550 మెట్లు గుండెకు, ఊపిరికి మంచి సాధన. కానీ మెట్టు సమంగా ఉంటుంది, పాదం ఎక్కడ పడుతుందో ముందే తెలుసు. పైగా భక్తితో ఎక్కేవారు చెప్పులు లేకుండా ఎక్కుతారు. ఆయనకు కావలసింది గులకరాళ్ల మీద, వాలు మీద, కొత్త బూట్లతో, నాలుగైదు కిలోల సంచితో నడక. పెనుకొండ కోట కొండ దగ్గరలోనే ఉంది కదా, అక్కడికి వారానికోసారి వెళ్లమనండి. ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం, మోకాలికి పరీక్ష అక్కడే. రెండు చేతికర్రలు వాడడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి. బూట్లు చీలమండ పైదాకా ఉండాలి, మడమ గట్టిగా పట్టాలి, వేళ్ల ముందు కొంచెం ఖాళీ ఉండాలి. సాయంత్రం పూట కొనమనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.

ఒక జాగ్రత్త. పెనుకొండ మట్టి అంటిన బూట్లను ఆస్ట్రేలియాలోకి రానివ్వరు. బయలుదేరే ముందు అట్టల సందుల్లోంచి పుల్లతో మట్టి తీసి, బాగా కడిగి ఆరబెట్టాలి. ఫారంలో కూడా రాయాలి.

మీరు గైడుతోనే వెళ్లండి. తెల్లకోటు గారి జాబు చదివాక మీ విషయంలో నా సలహా మార్చుకుంటున్నాను.

సముద్రఘోష
6 మార్చి, ఉదయం 11:25

గైడు ఉంటే చాలనుకోవద్దు. నేను వెళ్లిన బృందంలో గైడు మంచివాడే, కానీ రెండు రోజుల నడకను ఒక రోజులో కుదించారు. స్టాండ్లీ కాజ్మ్ చీలికలోకి మధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా దిగే కొద్ది నిమిషాలకే రెండు పక్కల గోడలూ నిప్పుల రంగులోకి మారతాయి. దాదాపు 80 మీటర్ల ఎత్తు గోడలవి. మేము అక్కడికి చేరేసరికి నీడ పడిపోయింది. ఆరోజు వెనకబడిన ఒక పెద్దావిడ కోసం ఎవరూ ఆగలేదు, నేనూ మరొకరూ ఆవిడతో ఉండిపోయాం. ఇప్పటికీ ఆ విషయం తలుచుకుంటే బాధ కలుగుతుంది.

అందుకే డబ్బు కట్టే ముందు ఫోను చేసి అడగండి. బృందంలో ఎంతమంది? గైడులు ఎందరు? వెనక నడిచే గైడు ఉంటారా? ఒకరోజు నడవలేకపోతే వాహనంలో వెళ్లే వీలుందా? రోజుకు ఎన్ని గంటల నడక? ఆ నేలకు చెందిన అరెర్న్టే మనుషుల నుంచి ఏదైనా వినే అవకాశం ఉంటుందా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ సంస్థ ఎలాంటిదో తెలుస్తుంది.

నిర్వాహకులు
6 మార్చి, మధ్యాహ్నం 12:40

సంస్థల పేర్లు అడుగుతూ కొందరు జాబులు పెట్టారు, వాటిని తొలగించాం. పేర్లు, ధరలు వ్యక్తిగత సందేశాల్లో పంచుకోండి. సముద్రఘోష గారి ప్రశ్నల పట్టిక ఉపయోగకరంగా ఉంది, కొత్తగా వచ్చేవారు అది చూడండి.

ఎర్రదారి
7 మార్చి, రాత్రి 11:18

గైడు వల్ల అసలు లాభం గురించి రాస్తానన్నాను.

నేను మొదట సొంతంగా నడిచినప్పుడు నాకు కనిపించినవి కొండలు, గడ్డి, ఆకాశం. అందంగానే ఉంది. తరువాత గైడుతో అదే దారిలో నడిచాను. ఆమె అరెర్న్టే పెద్దల దగ్గర, వారి అనుమతితో నేర్చుకున్న మనిషి. ఏది చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో తెలిసినది. కొండ మలుపులో స్పినిఫెక్స్ గడ్డి దుబ్బు దగ్గర ఆపింది. దూరం నుంచి మెత్తటి దిండులా ఉంటుంది, దగ్గరికి వెళ్తే ప్రతి పోచా సూదే. పాత దుబ్బు నడుమ ఎండిపోయి, అంచు మాత్రం బయటికి పెరుగుతూ వలయంలా మారుతుంది. ఆ వలయం లోపల మోకాళ్ల మీద కూర్చుని చూడమంది. చీమల బారులు, బల్లి పిల్ల, ఏదో చిన్న జంతువు కాలిగుర్తులు, ఒక పక్షి ఈక. ఎండకూ డేగకూ అందకుండా బతికే కాపురాలన్నీ ఆ సూదుల నడుమే ఉన్నాయి. స్పినిఫెక్స్‌లో కొన్ని రకాల జిగురును కాచి, ఈటె మొనను కర్రకు అతికించేవారు. ఆ పని చేతితో ఎలా చేస్తారో చూపించింది. ఆ తరువాత నాకు ఆ నేలంతా వేరుగా కనిపించింది. ఖాళీ నేల అనే మాట నా నోట మళ్లీ రాలేదు.

ఓకర్ పిట్స్ దగ్గర వాగు గట్టు తెలుపు, పసుపు, ఎరుపు పొరలుగా నిలువునా కోసి ఉంటుంది. తరతరాలుగా ఆచారాల్లో ఒంటికి పూసుకునే రంగు మట్టి అక్కడిది. ఆ రంగు ముట్టుకోకూడదు, తీసుకెళ్లకూడదు. నాన్నగారు చరిత్ర చెప్పినవారు కాబట్టి ఒక్క క్షణం అక్కడ నిలబడితే చాలు, ఆయనకు వివరించాల్సిన పని ఉండదు.

తెల్లటి మానుతో మెరిసే ఘోస్ట్ గమ్ చెట్లు చూసినప్పుడు చెయ్యి పెట్టి నిమరండి, అరచేతికి తెల్లని పొడి అంటుతుంది. ఆ చెట్లనూ ఈ కొండలనూ నీటిరంగుల్లో లోకానికి చూపించిన చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్జీరా, పశ్చిమ అరెర్న్టే మనిషి, 1902లో హెర్మన్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆయన బొమ్మలు దేశమంతా గోడల మీద వేలాడాయి. ఆయనకు పూర్తి పౌరహక్కులు ఇచ్చింది మాత్రం 1957లో, రెండేళ్లకే చనిపోయాడు. సొంత నేల మీద సొంత కొండలను గీసిన మనిషికి జరిగిన ఈ అన్యాయం తెలియకుండా ఆ దారిలో నడవడం నాకు సరి అనిపించదు. మంచి గైడు ఇది చెబుతారు. గుర్తుల త్రిభుజాలు చెప్పవు.

అనంత నడక (నడకసిరి నాన్న)
9 మార్చి, ఉదయం 6:30

ఆర్యులారా, అమ్మాయి ఖాతా తెరిచి ఇచ్చింది. మీ జాబులన్నీ స్వయంగా చదివాను. ఎంతో సంతోషం.

టెలిగ్రాఫ్ స్టేషన్ నుంచి నడక మొదలవుతుందని చదివి, పాత పుస్తకాలు తీశాను. అడిలైడ్ నుంచి డార్విన్ దాకా ఎడారి గుండా వేసిన ఆ తంతి 1872లో పూర్తయింది. డార్విన్ నుంచి జావాకు సముద్రగర్భపు కేబుల్, అక్కడి నుంచి సింగపూర్, పెనాంగ్, ఆపైన మద్రాసు, బొంబాయి మీదుగా లండన్. మా జిల్లా ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఒక తంతి గుమాస్తా మీట నొక్కితే ఆ వార్త మద్రాసు తీరాన్ని తాకి వెళ్లేదన్నమాట. నేను ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఈ దారిని పటం మీద పెట్టి చూడలేదు.

ఆ ఎడారిలో సరుకులు మోసిన ఒంటెలను, వాటిని తోలేవారిని బ్రిటిష్ ఇండియా నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి తీసుకువెళ్లారని కూడా తెలుసు. వారి జాడలు ఇప్పుడు ఏమైనా కనిపిస్తాయా?

ఎర్రదారి
9 మార్చి, ఉదయం 9:15

అయ్యా, నమస్కారం. కనిపిస్తాయి. అడిలైడ్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ మీదుగా డార్విన్ వెళ్లే రైలుకు 'ది ఘాన్' అని పేరు, అది ఆ ఒంటెలవారి జ్ఞాపకమే. డార్విన్ దాకా ఆ రైలు నడవడం మొదలైంది 2004లో. మోటారు వాహనాలు వచ్చాక వదిలేసిన ఒంటెల సంతతి ఇప్పటికీ ఎడారిలో అడవి మందలుగా తిరుగుతోంది. మీకు ఓపిక ఉంటే నడక ముగిశాక అడిలైడ్‌కు ఆ రైల్లో రండి, స్టేషనుకు నేనే వస్తాను. మా ఇంట్లో భోజనం.

పాలపిట్ట
9 మార్చి, సాయంత్రం 5:50

కొత్త సభ్యురాలిని. అంత దూరం వెళ్లి ఉలూరు అనే ఆ పెద్ద ఎర్రరాతి కొండను చూడకుండా వస్తారా? అది ఎక్కవచ్చా?

సముద్రఘోష
9 మార్చి, సాయంత్రం 7:22

ఎక్కకూడదండి. 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం పూర్తిగా నిషేధం. ఆ నేల సొంతదారులైన అనంగు ప్రజలు ఎన్నో ఏళ్లుగా ఎక్కవద్దని కోరుతూ వచ్చారు, చివరికి వారి మాట నెగ్గింది. చుట్టూ నడవవచ్చు, సుమారు పది కిలోమీటర్లు, చదునైన దారి. కొన్ని చోట్ల ఫొటోలు తీయవద్దని బోర్డులు ఉంటాయి, పాటించండి. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు, కాబట్టి కనీసం రెండు రోజులు అదనంగా పెట్టుకోవాలి. ఆరు రోజులు నడిచిన మర్నాడే ఆ ప్రయాణం పెట్టుకోవద్దని నా సలహా. ఒకరోజు విశ్రాంతి తీసుకుని వెళ్లండి.

చుక్కలదారి
10 మార్చి, రాత్రి 12:05

జులైలో వెళ్తున్నారు కాబట్టి ఆకాశం గురించి రాయకుండా ఉండలేను. అమావాస్యకు దగ్గర తేదీలు దొరికితే అవే తీసుకోండి.

చివరి రోజు సోండర్ శిఖరం నడక రెడ్‌బ్యాంక్ గార్జ్ దగ్గర రాత్రి రెండు మూడు గంటలకు మొదలవుతుంది. పైన సూర్యోదయం చూడాలంటే అప్పుడే బయలుదేరాలి. రానూపోనూ 16 కిలోమీటర్లు. తలకు కట్టుకున్న దీపం వెలుగులో నడక, ఎక్కేటప్పుడు చెమట, ఆగితే ఎముకలు కొరికే చలి. ఆగిన ప్రతిసారీ దీపం ఆర్పి పైకి చూడండి. నాలుగు గంటలయ్యేసరికి ఈశాన్యాన కృత్తికలు లేచి ఉంటాయి. ఆగ్నేయాన అగస్త్య నక్షత్రం కూడా లేచి ఉంటుంది. మన ఊళ్లలో అది దక్షిణాన దిగువనే తిరిగి అస్తమిస్తుంది, అక్కడ అంతకన్నా చాలా ఎత్తుకు ఎక్కుతుంది. కృత్తికలను ఎడారి ప్రజలు కూడా అక్కాచెల్లెళ్లుగానే చెప్పుకుంటారు, ఏడుగురు.

తెల్లవారాక శిఖరం మీద నుంచి నైరుతి వైపు చూస్తే మైదానంలో గుండ్రటి కొండల వలయం కనిపిస్తుంది. ట్నోరాలా అంటారు, మ్యాపుల్లో గాస్ బ్లఫ్. 14 కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి పడ్డ తోకచుక్కో గ్రహశకలమో చేసిన గాయం, ఇప్పుడు మిగిలిన వలయం సుమారు ఐదు కిలోమీటర్ల అడ్డం. పశ్చిమ అరెర్న్టే వారు పర్యాటకులకు చెప్పే కథలో, పాలపుంతలో స్త్రీలు నాట్యం చేస్తుండగా ఒకామె తన బిడ్డను చెక్క దొప్పలో పడుకోబెట్టింది. దొప్ప అంచు దాటి జారి భూమి మీద పడింది. దాని చుట్టూ నేల పైకి లేచింది. తల్లీతండ్రీ సాయంకాలపు చుక్కగా, వేగుచుక్కగా ఇప్పటికీ బిడ్డను వెతుకుతున్నారట. శాస్త్రజ్ఞులు చెప్పేదీ, ఆ తల్లులు చెప్పేదీ రెండూ ఆకాశం నుంచే మొదలవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

నడకసిరి
14 మార్చి, రాత్రి 8:44

బుక్ చేశాను. జులై రెండో వారం. సముద్రఘోష గారి ప్రశ్నలన్నీ ఫోనులో అడిగాను. వెనక నడిచే గైడు ఉంటారట, ఏ రోజైనా నడవలేకపోతే వాహనంలో తరువాతి క్యాంపుకు వెళ్లవచ్చట. ఒక సాయంత్రం అరెర్న్టే పెద్దావిడ ఒకరు వచ్చి కూర్చుంటారని చెప్పారు. నాన్నగారి డాక్టరు ఇన్సులిన్ మోతాదు గురించి లేఖ రాసిచ్చారు.

మిగిలిన సందేహాలు రెండు. గార్జ్‌లలో నీళ్లలోకి దిగవచ్చా? రాత్రి బూట్లు టెంటు బయట పెట్టవద్దని ఎక్కడో చదివాను, పాముల కోసమా?

ఒంటరి బాటసారి
14 మార్చి, రాత్రి 9:30

చలికాలంలో పాములు తక్కువే కనిపిస్తాయి. బూట్లు ఎత్తుకుపోయేవి డింగోలు. తోలు వాసనకు వచ్చి ఒక బూటు నోట కరుచుకుని పోతాయి. ఒంటి బూటుతో ఆ రాళ్ల మీద ఎవరూ నడవలేరు. లోపలే పెట్టుకోండి. తినుబండారాలు కూడా టెంటులో ఉంచవద్దు, ఎలుకలు గుడ్డ కొరికి లోపలికి వస్తాయి. వాహనంలో పెట్టించండి.

తెల్లకోటు
14 మార్చి, రాత్రి 10:02

నీళ్ల విషయంలో నాన్నగారిని దిగనివ్వకండి. ఎల్లరీ క్రీక్ మడుగు చాలా లోతు, కొండల నీడలో ఉండడం వల్ల ఎండాకాలంలో కూడా వణికించేంత చల్లగా ఉంటుంది. జులైలో ఒక్కసారిగా దిగితే గుండె మీద భారం పడుతుంది. గట్టున కూర్చుని పాదాలు ముంచినా చాలు, బయటికి తీశాక వేళ్ల సందులు పొడిగా తుడవడం మరవద్దు.

అనంత నడక (నడకసిరి నాన్న)
15 మార్చి, ఉదయం 5:55

డాక్టరు గారి మాట శిరోధార్యం. బూట్లు నిన్న సాయంత్రం కొన్నాను. ఆదివారం పెనుకొండ వెళ్తున్నాం, నాతో పాటు నా పాత విద్యార్థులు ఇద్దరు వస్తామన్నారు. ఎర్రదారి గారూ, ఆ రైలు టికెట్లు ఎన్నాళ్ల ముందు తీసుకోవాలో తెలియజేయగలరు.

ఎర్రదారి
15 మార్చి, ఉదయం 8:20

ఇప్పుడే తీసుకోండయ్యా, జులై రద్దీ నెల. వారానికి కొన్ని రోజులే నడుస్తుంది కాబట్టి ముందు రైలు తేదీ చూసి, దాన్ని బట్టి ఉలూరు రోజులు సర్దుకోండి. మీ అమ్మాయికి వ్యక్తిగత సందేశంలో నా నంబరు పంపాను.